చింతచిగురుతో రొమ్ము కొవ్వు

కరోనా జ్వరం తగ్గాక నాకు వాసన పోయింది. చాలామందికి పోయింది కాబట్టి మొదట్లో పెద్దగా బెంగపడలేదు. కాఫీ వేడినీళ్ళలా ఉండేది. ఆవకాయ జాడీలో ముఖం పెట్టినా ఏమీ తెలిసేది కాదు. బందరులో మా ఇంటి వెనకే మురుక్కాలవ. ఇన్నాళ్ళకు దాని పీడ నీకొక్కదానికే వదిలిందని మా ఆయన నవ్వేవారు.

నెలలు గడిచాయి. ఒక శనివారం పొద్దున వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే గుప్పున ఒక వాసన వచ్చింది. సంతోషం పట్టలేక కత్తి పక్కన పడేసి గట్టిగా పీల్చాను. కొవ్వు కరుగుతున్న వాసన. వేటమాంసం కొవ్వు. దాని వెనకే ఏదో పుల్లగా, ఆ వెనక కాస్త మాడుగా. ఎవరో కూర పొయ్యి మీద పెట్టి మర్చిపోయారనుకుని గోడ మీంచి పక్కింటావిడని కేకేశాను.

“ఏదో మాడుతున్నట్టుందండీ, మీ వంటింట్లోనేనా?”

“మాకు శనివారం నీసు ఉండదు కదండీ. పప్పు పెట్టాను, అదీ దించేశాను” అందావిడ.

మర్నాడు కూడా వచ్చింది. ఆ తర్వాత రోజూ వస్తూనే ఉంది. కిటికీలోంచి ఎండ వంటగట్టు మీదకి పాకే వేళకి మొదలై కాసేపు ఉండి, వచ్చినట్టే పోయేది. వెలగని స్టవ్వును మళ్ళీ మళ్ళీ ఆర్పేదాన్ని. సిలిండరు కట్టేసేదాన్ని. నేను పనిచేసే బడిలో, పిల్లలకి ఎక్కాలు చెప్పిస్తుంటే అక్కడికీ వచ్చింది. ముక్కు గట్టిగా మూసుకున్నాను. అయినా వస్తూనే ఉంది. కిందపడ్డ సుద్దముక్క కోసం నేలమీదికి వంగాను. అక్కడ మరీ దట్టంగా ఉంది. లేచి నిలబడితే పలచబడింది. ఇంటికొచ్చి కూడా చూశాను. నేలమీద చతికిలబడితే ఆ వాసన నా ముఖానికే తగిలేది, పొయ్యి నా పక్కనే ఉన్నట్టు.

ముక్కు డాక్టరు దగ్గరకి వెళ్ళాం. “ఆ జ్వరం తర్వాత కొందరికి లేని వాసన వస్తుందమ్మా. భయం లేదు, దానంతటదే తగ్గుతుంది. ఈలోగా నిజం వాసనలు రోజూ చూస్తూ ఉండండి, ముక్కుకి మళ్ళీ అలవాటవుతుంది” అన్నాడాయన.

నిజం వాసన అంటే ఏది? నాకు వస్తున్నదేమిటో తెలిస్తే కదా దాని నిజం పట్టుకోవడానికి. మా ఇంట్లో కొవ్వు అడుగుపెట్టి చాలా కాలమైంది. మా ఆయనకి రక్తంలో కొవ్వు ఎక్కువని తేలినప్పటి నుంచి ఆదివారం తొడముక్కే, అదీ తెల్లటిది కనపడకుండా గీసిందే. అంతకుముందు మా అత్తగారింట్లోనూ మంచి ముక్కలే వండేవారు. మిగతావి ఎలా ఉంటాయో, ఎలా వండాలో నాకు తెలియదు. అలాంటిది కొవ్వు వాసన ఇంత బాగా నా ముక్కుకెలా తెలుసు?

ఆ వాసన ఏ ముక్కదో వండి చూద్దామని ఆ ఆదివారం మాంసం కొట్టుకి నేనే వెళ్ళాను. మెడ తెచ్చాను. తర్వాత వారం కాళ్ళు. నల్లగా కాల్చినవాటిని గీకీ గీకీ చేతులు నొప్పెట్టాయి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉడికించాను. ఆ తర్వాత తలకాయ. ముక్కలు కొట్టించి తెచ్చినా, కళ్ళు రెండూ గిన్నెలో పైకి తేలాయి. మా ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు. బోటీ తెచ్చి సున్నం రాసి, వేడినీళ్ళు పోసి, తువ్వాలులా నూగుగా ఉన్న ఆ పొరని తెల్లబడేదాకా కడిగాను. ఏది వండినా నా ముక్కుకి ఏమీ తెలియలేదు. నా వాసన మాత్రం వేళకి వచ్చిపోతూనే ఉంది. కూర చల్లారాక కంచం అంచున కొవ్వు మైనంలా గడ్డకట్టేది. దాన్ని గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునేదాన్ని.

“నిన్ను చూస్తుంటే నాకు భయమేస్తోంది. మానెయ్యి” అన్నారు మా ఆయన.

“ఈ ఒక్కటీ చూసి మానేస్తానండీ” అన్నాను.

ఆ ఒక్కటీ రొమ్ము. కొట్టులో ఓ పక్కకి విసిరేసి ఉంది. పక్కటెముకల కొసల కింద వేలాడే పలచటి పట్టీ. కండ ఒక వరస, కొవ్వు ఒక వరస. “అది ఇళ్ళకెవరూ పట్టుకెళ్ళరమ్మా, కొవ్వే ఉంటది” అన్నాడు కొట్టతను. కొట్టమన్నాను. తిరిగి వస్తుంటే బజారులో ఒకామె గోనెపట్టా మీద చింతచిగురు పోసి అమ్ముతోంది. ఎండాకాలం మొదలవుతోంది. ఆకు లేత ఎరుపులో ఉంది. కొనాలని అనుకోలేదు. కొనేశాను.

ఇంటికొచ్చి మూకుడు పెట్టాను. నూనె పోయలేదు. ఎందుకు పోయలేదో ఇప్పటికీ చెప్పలేను. కొవ్వు ముక్కల్ని వట్టి మూకుట్లో వేసి సెగ తగ్గించి ఊరుకున్నాను. అవే మెల్లగా కరిగి, వాటి నూనెలో అవే వేగాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి వేశాను. నీళ్ళు పోసి మెత్తబడేదాకా ఉంచాను. చివర్న చింతచిగురు రెండు అరచేతుల మధ్య నలిపి, ఈనెలు ఊదేసి, పైన రాల్చాను. నా చేతులు ఆ పని ఎంత తీరుగా చేస్తున్నాయంటే, చూస్తూ ఉండిపోయాను. చింతచిగురుతో మాంసం నేను అంతవరకూ ఎప్పుడూ వండలేదు.

అప్పుడు వచ్చింది. వేళ కాని వేళ, అదే వాసన. కొవ్వు, దాని వెనక పులుపు. ఎవరో నా వెనక నిలబడ్డారనిపించి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది.

“ఇదేనా? నువ్వు చెప్పేది ఇదేనా? ఇప్పుడు నాకూ వస్తోంది.”

స్టవ్వు కట్టేసి నిలబడిపోయాను. ఆ కూర ఇద్దరం ముట్టుకోలేకపోయాం.

మా అమ్మ నాకు మూడేళ్ళు నిండకుండానే పోయింది. నాన్నా లేరు. అమ్మ వైపు మిగిలింది గుడివాడలో ఉండే పెద్దమ్మ ఒక్కతే. ఇలాంటిది అడగాలంటే ఆమెనే అడగాలి. మర్నాడు సెలవు పెట్టి, కూర డబ్బాలో సర్దుకుని పెడన మీదుగా వెళ్ళే బస్సెక్కాను.

పెద్దమ్మ మంచం మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటోంది. డబ్బా చేతికిచ్చాను. మూత తీసింది. చాలాసేపు అలాగే చూసింది.

“ఇది నీకెవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా. ఏం, ఏమైంది?”

“మీ నాన్న చెప్పాడా?”

“నాన్న నాతో అమ్మ గురించే మాట్లాడేవారు కాదు. జ్వరమొచ్చి ఆసుపత్రిలో పోయిందన్నారు, అంతే.”

పెద్దమ్మ మూత పెట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఆసుపత్రీ లేదు, ఏమీ లేదు. ఇంట్లోనే పోయింది. అప్పుడు మీరు దివిసీమలో ఉండేవాళ్ళు. మీ నాన్న ఆఫీసు పని మీద బందరు వెళ్ళాడు. నేనొస్తున్నానని కబురుపెడితే నాకోసం ఇది వండింది. రొమ్ము, చింతచిగురు. మా చిన్నప్పుడు ఇంట్లో మాకు దొరికింది అదే. నాకు అదంటే ప్రాణం.”

“అయితే అమ్మని ముందు చూసింది నువ్వేనా?”

“నేనే. బస్సు దిగి వచ్చేసరికి తలుపు తీసే ఉంది. వంటింట్లో మీ అమ్మ గోడకి ఆనుకుని పడుకుంది. నువ్వు పొయ్యి పక్కన నేలమీద కూర్చున్నావు. ఏడవటం లేదు. నన్ను చూసి ‘అమ్మ బజ్జుంది’ అన్నావు. గుండె ఆగిపోయిందన్నారు తర్వాత.”

మరి కూర సంగతేమైందని అడిగాను. అది అడగాలని ఎందుకు తోచిందో తెలియదు.

పెద్దమ్మ గొంతు తగ్గించింది, ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా.

“అదేనే నాకిప్పటికీ అర్థం కానిది. ఇల్లంతా కొవ్వు మాడిన వాసన. కానీ పొయ్యి ఆరిపోయి ఉంది. కట్టెలు బయటికి లాగి ఉన్నాయి, వాటి మీద నీళ్ళు చల్లి ఉన్నాయి. కూర గిన్నె దించి మూత పెట్టి ఉంది. మీ అమ్మే దించి పడుకుందనుకున్నా. దాని ఒళ్ళు పట్టుకుంటే మంచులా ఉంది, మెడ బిగుసుకుపోయింది. పోయి ఎంతసేపైందో! గిన్నె పట్టుకుంటే నా చెయ్యి కాలింది.”

“కట్టెలు నేను లాగానేమో.”

“నీ చేతులు చూశానే. బూడిద లేదు, తడి లేదు. అంత గిన్నె నువ్వెలా దించుతావు?”

“ఇరుగుపొరుగువాళ్ళెవరైనా...”

“అందర్నీ అడిగాను. నేను అరిచేదాకా ఎవరూ రాలేదన్నారు.”

బయట ఆటో ఏదో ఆగి వెళ్ళింది.

“సాయంత్రానికి నీకు ఆకలేసింది” అంది పెద్దమ్మ. “ఇంటినిండా జనం. ఇంకేమీ లేదు. ఆ గిన్నెలో మాడనివి ఏరి, అన్నంలో కలిపి నేనే పెట్టాను. వద్దనలేదు, మొత్తం తిన్నావు. మీ నాన్న అది చూసి గిన్నె పట్టుకెళ్ళి కాలవలో పడేశాడు. నీకెప్పుడూ చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ తర్వాత నేనూ ఇది తినలేదు.”

తింటానంటుందని అనుకోలేదు కానీ, పెద్దమ్మ అన్నం పెట్టమంది. కంచాలు నేనే తెచ్చాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. “ఉప్పు చాల్లేదు” అంది. నేనూ తిన్నాను. పులుపు తెలిసింది. జ్వరం వచ్చాక నాలుక మీద ఒక రుచి నిలవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు వాసన వచ్చింది. నేను స్టవ్వు దగ్గరకి పరిగెత్తడం మానేశాను. వచ్చినప్పుడు చేస్తున్న పని ఆపి, అది పోయేదాకా కదలకుండా ఉండేదాన్ని. వానలు మొదలయ్యేసరికి పలచబడింది. ఒక పొద్దున రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పీడ వదిలిందని మా ఆయన స్వీట్లు తెచ్చారు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత మెల్లగా కాఫీ తెలిసింది, సబ్బు తెలిసింది, మురుక్కాలవా తెలిసింది.

పెద్దమ్మ ఫోన్ చేసి అడిగింది. “ఇంకా వస్తోందా?”

“రావటం లేదు పెద్దమ్మా. పూర్తిగా పోయింది.”

అవతల మంచం కిర్రుమంది.

“పోనీలే పాపం” అంది పెద్దమ్మ. “ఎన్నాళ్ళని నిలబడుతుంది ఆ పొయ్యి దగ్గర.”