ఒక్క గంట లైను

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ కాలంలో, ఎదుటివాళ్ళు మాట్లాడటం ఆపేస్తే వాదనలో నేను నెగ్గినట్టే అనుకునేదాన్ని. (వాళ్ళు విసిగిపోయి ఉంటారని తట్టేది కాదు.) నరసరావుపేటలో రైలు పట్టాల తనిఖీ చూసే ఆఫీసులో నాది గుమాస్తా పని. మా ఇంజినీరు గారు ఏ రోజు తోపుడు ట్రాలీ ఎక్కి ఎంతమేర పట్టాలు చూడాలో పట్టిక వేసేదాన్ని. వానొచ్చినా, గూడ్సు బండి అడ్డమొచ్చినా ఆ పట్టికను తిరగరాయడం కూడా నా పనే. అవి నా మీద పగబట్టి వచ్చినట్టే మండిపడేదాన్ని.

ట్రాలీ తోసేవాళ్ళలో పెద్దాయన్ని అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన ఒక నెలాఖరున రిటైరయ్యాడు. ఇన్నేళ్ళూ తోసినవాణ్ణి ఆఖరి రోజు ట్రాలీ మీద కూర్చోబెట్టి మిగతావాళ్ళు తోయడం మా దగ్గర ఆనవాయితీ. తన మొగుణ్ణి అలా చూడాలని పిన్ని ఆ రోజు నకరికల్లు నుంచి ఆటో నిండా చుట్టాలతో, గంపెడు బంతిపూలతో వచ్చి రైలు గేటు దగ్గర నిలబడింది.

సరిగ్గా ఆ పొద్దునే వాన. ట్రాలీ కదల్లేదు. వెలిశాక స్టేషన్ మాస్టారు ఫోన్ చేసి, రెండింటి నుంచి ఒక్క గంట లైను ఖాళీగా ఉంటుంది, కానివ్వమన్నాడు. నా పట్టికలో ఉన్నది రెండు గంటలు. సగం పట్టాలు చూసి సగం వదిలెయ్యమంటారా అని నేను, గూడ్సులు వరసగా ఉన్నాయమ్మా అని ఆయన, ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. చివరికి ఆయన "సరేనమ్మా, రేపే కానియ్" అని పెట్టేశాడు. నెగ్గినందుకు పక్క సీటు అక్కకు టీ కూడా తెప్పించాను.

కాసేపటికి గేటుమాన్ ఫోను. "ఏందమ్మా, ట్రాలీ రాదా? ఈళ్ళు చూసీ చూసీ పూలన్నీ గూడ్సు బండి మీద చల్లేశారు. గార్డు దణ్ణం పెట్టుకుంటా పోయాడు."

ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే గుర్తొచ్చింది, రేపు ఒకటో తారీకని.

సాయంత్రం బాబాయ్ ఇస్త్రీ యూనిఫారంలోనే వచ్చాడు. రేపు ఎలాగైనా ఎక్కిస్తానని గబగబా చెప్పాను.

"రేపు నేను బయటోణ్ణి గదమ్మా. బయటోళ్ళు ఎక్కగూడదని కాయితం గోడకంటించింది నువ్వేగా," అన్నాడు, కోపమేమీ లేకుండా. నా మొహం చూసి, "మీ పిన్నికి గూడ్సు బండే చానా నచ్చిందిలే," అని నవ్వాడు.

నోరున్న మనిషినని మా వీధిలో నాకిప్పటికీ పేరు. ఆ సాయంత్రం మాత్రం ఆయన మెట్లు దిగి వెళ్ళేదాకా రేపటి పట్టిక దిద్దుతూ కూర్చున్నాను. తప్పు నాది బాబాయ్ అంటే సరిపోయేది. చిన్న మాటే. ఆ వయసులో నాకు పెద్ద మాటలే వచ్చేవి.