నా చెయ్యి అందినంత ఇల్లు

అయిదో తరగతితో బడి వదిలేసి కొబ్బరిచెట్టెక్కాను. ముప్పయ్యేళ్ళకు పైగా కాయల దింపు తీశాను. ఎవరి పెరట్లో ఎవరి చిరుగు లుంగీ ఆరుతోందో పైనుంచి చూసినవాణ్ణి. ఒక వానాకాలం చెట్టు నన్నే దింపేసింది. ప్రాణం దక్కింది గానీ రెండు భుజాలూ చెడ్డాయి. చేతులు రొమ్ము దాటి లేవవు.

ఉండేది ఒక్కణ్ణే. అందుకని ఇంటినే కిందికి దించాను. టీపొడి డబ్బా, అద్దం, క్యాలెండరు, దేవుడి పటాలు, అన్నీ పొట్ట ఎత్తున. చెట్టెక్కే తాడు గోడకీ గోడకీ మధ్య బట్టల దండెమైంది. స్విచ్చిబోర్డు దింపడానికొచ్చిన కరెంటు మేస్త్రి, "ఇంట్లో చిన్నపిల్లలున్నారాండీ?" అన్నాడు.

"ఆయ్, ఒకడున్నాడండి. యాభై రెండేళ్ళు."

రాజోలు నుంచి అక్క చూడ్డానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒరేయ్, దేవుణ్ణి పొట్ట దగ్గర పెట్టేవేంట్రా?"

"పైనున్నప్పుడు మాత్రం, నేను పడుతుంటే పట్టుకున్నాడేంటక్కా?"

"చాల్లే వేళాకోళం. చూసినోళ్ళు నవ్విపోతారు. ఇల్లు ఇల్లులా ఉంచుకో. లేదంటే తాళమేసి మా ఇంటికొచ్చెయ్. కూర్చున్న చోటికి టీ ఇస్తాను."

మంచి మనసుతోనే అంది. నాకు భయం ఆ కూర్చున్న చోటంటేనే. ఒకసారి కూర్చున్నాక ఇంక లేవనిస్తారా? నా టీ నేను పెట్టుకున్నన్నాళ్ళే ఇది నా ఇల్లు.

నేను సంతకెళ్ళొచ్చేసరికి అక్క అంతా సర్దేసింది. దేవుడు పైకెళ్ళిపోయాడు. ఆయన పక్కనే, పై గూట్లో, టీపొడి. అక్క ఆ గూటి కిందే పీట వేసుక్కూర్చుని, దించిపెట్టమని ఎప్పుడడుగుతానా అని నాకేసి చూస్తోంది.

నేనడగలేదు. పెరట్లోంచి దోటి తెచ్చాను. చివర కొక్కెం ఉన్న పొడుగు వెదురుకర్ర అది, సగం గుమ్మం బయటే ఉండిపోయింది. నడుం దగ్గరే పట్టుకుని పైకి తోసి, డబ్బాకి తగిలించి, అలవాటు కొద్దీ "తప్పుకోండి!" అని కేకేశాను. అక్క తప్పుకోలేదు. మూత ఊడింది. టీపొడి ముప్పాతిక అక్క నెత్తిమీద.

"ఒరేయ్ వెధవా!" అని కాసేపు తిట్టింది, జుట్టు దులుపుకుంటూ నవ్వింది. ఉన్నట్టుండి నవ్వాపేసి, "చెయ్యి ఎంతదాకా లేస్తుందిరా?" అంది.

పడ్డప్పట్నుంచీ ఎవరిముందూ ఎత్తి చూపలేదు. గోడ పక్కన నిలబడి ఎత్తాను. రొమ్ము దగ్గర ఆగిపోయింది. అక్క కుంకుమ తడిపి, నా వేళ్ళు ఆగినచోట గోడమీద గీత గీసింది.

"దీనికి పైన నీ వస్తువేదీ ఉండకూడదు."

"దేవుడో?"

"ఆయన్నీ దింపుతాలే. ముందు ఆ దోటి బయట పడెయ్."

డబ్బా అడుగున మిగిలినదాంతో టీ నేనే పెట్టాను. పలచగా ఉందని మొహం చిట్లించి, రెండో గ్లాసు అడిగింది.

ఆ గీత ఇంకా ఉంది. దాని పైనున్న గోడంతా సాలీళ్ళకి రాసిచ్చేశాను. నవ్వేవాళ్ళు రావచ్చు, ఎంతసేపైనా నవ్వొచ్చు. టీ మాత్రం నేనే పెడతాను.