తిండికి జడిసిన పిల్ల, మా డైట్ మేడమ్

సోమవారం నేను పాఠాలు చెప్పే మేడ్చల్ బడికి బయలుదేరుతుంటే, ఆసుపత్రి పిల్లల వార్డు నుంచి నర్సు ఫోన్ చేసింది. "మన డైట్ మేడమ్ పోయింది టీచర్. గుండెపోటంట. పొద్దుగాల లేపితే లేవలేదట." బడికి ఫోన్ చేసి సెలవు చెప్పాను. మా అమ్మాయికి ఈ మాట ఎలా చెప్పాలో తోచలేదు.

నాలుగేళ్ల కిందట దానికి క్లోమం వాచింది. శామీర్‌పేట నుంచి ఆసుపత్రి దాకా నా ఒళ్లో మెలికలు తిరుగుతూనే ఉంది. మందులతో నొప్పి తగ్గుముఖం పట్టింది గానీ, ముద్ద చూపిస్తే మొహం తిప్పేసుకునేది. రోగి పిల్లల తిండి సంగతి చూసే ఈ మేడమ్ వచ్చి, దాని జబ్బకు టేపు చుట్టి కొలిచింది.

"బిడ్డ మస్తు బక్కగుంది. కొద్దికొద్దిగ తినిపియ్యాలె. ఒంట్ల బలం లేకుంటే జల్దీ కోలుకోదు" అంది.

మా అత్తమ్మ ఊరుకోలేదు. "తింటేనే నొప్పొస్తాంది. మల్ల తిండే పెట్టమంటవా?"

"నీ భయం నాకెర్కే అవ్వా. గని ఒట్టి కడుపు ఇంకింత పాడు జేస్తది. డాక్టర్ సారు గూడ షురూ జెయ్యమన్నడు."

ఆ సాయంత్రం డ్యూటీ అయిపోయినా ఆవిడ ఇంటికి వెళ్లలేదు. మంచం పక్కన కూర్చుని, తిండి ఊసే ఎత్తకుండా, పిల్లతో బడి కబుర్లు చెప్పించింది. మాటల్లోనే బయటపడింది.

"నా బాక్సు రోజూ కుక్కలకేస్తుంటి మేడమ్. తింటే నొస్తది. అమ్మకు జెప్తే పరేషానైతదని చెప్పలే."

నా గుండె చెరువైంది. ఆవిడ మాత్రం దాని తల నిమిరి, "ఇగ నొప్పొస్తే నాకు జెప్పు. ఇద్దరం గల్సి జూద్దాం" అంది. పలచటి జావ చెంచాతో అందించింది. పిల్ల మింగింది. భయంతో కళ్లు మూసుకుని నొప్పి కోసం ఎదురుచూసింది. నొప్పి రాలేదు. అప్పుడు తనే నోరు తెరిచింది.

మరుసటి ఏడు జబ్బు మళ్లీ తిరగబెట్టింది. అప్పటికి ఒళ్లు కాస్త కండ పట్టి ఉండడంతో తట్టుకుని, ముందటికన్నా తొందరగా ఇంటికొచ్చింది. ఆ తర్వాత కూడా ఆవిడ ఫోన్ చేస్తూనే ఉండేది. నేను బరువు చెప్పబోతే ఆపేసేది. "బరువు దవాఖానల నేను జూసుకుంట. బిడ్డకు ఆకలైతాందా? గది జెప్పు." కొత్త పంతులమ్మలా నేను జవాబు తడుముకుంటే నవ్వేది.

ఆ సోమవారం యాప్రాల్‌లో ఆవిడ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. సంగతి చెప్పి మా అమ్మాయిని వెంట తెచ్చాను. అది లోపలికి వెళ్లి ఆవిడ పాదాలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడకు పిల్లలు లేరన్న సంగతి నాకక్కడే తెలిసింది.

బయటికొస్తే గడప ముందు ఎండలో చిన్న చిన్న చెప్పులు, బడి బూట్లు చెల్లాచెదురుగా ఉన్నాయి. వార్డు నుంచి కోలుకుని వెళ్లిన పిల్లలవి. లోపల వాళ్ల ఏడుపు వినిపిస్తోంది. ఆవిడ భర్త వంగి, కాళ్లు కాలతాయేమోనని, ఒక్కో జతనూ తీసి నీడలో పెడుతున్నాడు.