తాత గీసిన చారలు

మా వీధి పులివేషాల తాత పోయిన ఆదివారం పొద్దున్నే కన్నుమూశారు. ఏడుద్దామని కూర్చుంటే నాకు డప్పులే వినిపిస్తున్నాయండీ! ఏం చేయను? ఆయన్ని తలుచుకుంటే ఒంట్లో హుషారు తప్ప ఇంకోటి పుట్టదు.

రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మా బరంపురంలో ఠాకురాణి అమ్మవారి జాత్ర వచ్చిందంటే చాలు, పులివేషం కట్టే కుర్రాళ్లంతా ఆయన అరుగు మీద బారులు. ఒంటికి పసుపు రంగు పూసి, నల్లచారలు ఆయనే గీయాలి. నాకూ చిన్నప్పటి నుంచి ఆ వేషం పిచ్చి.

మధ్యలో ఇంకో పిచ్చి పట్టుకుంది. మత్తుసూదులు. పొడిచి పొడిచి ఎడమ మోచేతి మడతలో నరం మూసుకుపోయింది. చెయ్యి వాచి చీము పట్టింది. తాతే స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి తీసేయాల్సి వచ్చేదన్నారు డాక్టరు. సెలైన్ పెట్టడానికి నర్సమ్మ రెండు చేతులూ వెతికింది. నరం దొరకలేదు.

"ఏటమ్మా, దొరకట్లేదా? ఈడు దొంగెదవ, ఈడి నరాలూ దొంగవే" అన్నారు తాత. ఏడుస్తూనే నవ్వాను.

మూసుకుపోయిన నరం మళ్లీ తెరుచుకోకపోవచ్చని, సూది ముట్టకపోతే పక్కనున్న చిన్న నరాలు ఆ పని అందుకుంటాయని డాక్టరు చెప్పారు. తాత ఆ మాట వీధంతా చాటారు, తనకే ప్రమోషన్ వచ్చినట్టు!

"తాతా, ఈ జాత్రకి నాకు వేషం కడతావా?"

"పుండున్న ఒంటికి రంగెయ్యను. సూది ముట్టినోడికి అసలే ఎయ్యను. ఎల్లు, ముందు సెయ్యి బాగుసేసుకో."

మనసు ఎన్నిసార్లు లాగిందో! లాగినప్పుడల్లా వెళ్లి ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఏమీ అడగకుండా బ్రష్ చేతికిచ్చి, పాత అట్టల మీద చారలు గీయమనేవారు. "గట్టిగా పట్టకురా, పులి పారిపోద్ది!"

పుండు మానింది, మచ్చలు మిగిలాయి. జాత్రరోజు మొదటిసారి అందరి ముందు ఫుల్ చేతుల చొక్కా విప్పాను. "మచ్చలు కనపడకుండా నలుపు దట్టంగా పుయ్యి తాతా" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, సరిగ్గా మచ్చ వెంబడే సన్నగా గీత లాగారు.

"పులికి సారలు దేవుడెట్టాడు. నువ్వు నీ అంతట నువ్వే ఎట్టుకున్నావు. దాసడం నా వల్ల కాదు, రంగేస్తాను అంతే. ఎల్లు, ఆడు!"

అబ్బ, ఏం ఆడాననుకున్నారు! వీధి వీధంతా ఈలలే!

మొన్న పాడె ఎత్తేటప్పుడు ఆయన కొడుకు నా చేతి వైపు చూసి, "పట్టగలవా?" అన్నాడు. పొట్టి చేతుల చొక్కాతోనే ఉన్నాను. పట్టాను. వెదురు బిగించి పట్టుకుంటే మచ్చ పక్కన సన్నటి పచ్చనరం ఒకటి ఉబికి కనిపించింది. "తాతా, సూడు, దొరికింది!" అని అరవాలనిపించింది. ముందు డప్పులు మోగిపోతున్నాయి. అరిచేశాను.