నిడుగల్లు కోటలో మా చిన్నాయన దిగిన పాతర

మా చిన్నప్పుడు... నిడుగల్లు కోట ఎక్కుతున్నాం. ముందు మా చిన్నాయన, ఆయన వెనక కొత్త పెళ్ళికూతురు మా చిన్నమ్మ, ఆమె కొంగు పట్టుకుని నేను. అందరికన్నా వెనక మోకాళ్ళు పట్టుకుంటూ, ఎండని తిట్టుకుంటూ మా అవ్వ.

పెళ్ళయ్యాక కొత్త జంట కొండ మీది దేవుడికి దీపం పెట్టి రావడం మా ఇంటి ఆనవాయితీ. ఆ ఏడు వాన మొహం చూళ్ళేదు... శెనక్కాయ ఊడలు దిగకముందే వాడిపోయింది. కోటలో బండల మధ్య ఉండే దొణల్లో కూడా నీళ్ళు అడుగంటాయని విన్నాం. అందుకే బుట్టలో ప్రమిద, నూనె, అగ్గిపెట్టెతో పాటు, నీళ్ళు తోడుకోవడానికి చేంతాడు, చెంబు కూడా మోసుకెళ్ళాం.

మా చిన్నాయన సంగతి చెప్పాలి మీకు. కోటంతా ఆయన తాతల సొత్తయినట్టే మాట్లాడేవాడు. ఇక్కడ ఏనుగుల్ని కట్టేవాళ్ళట, అక్కడ రాణిగారు తల ఆరబోసుకునేదట... అంతా సొంత కవిత్వం! చిన్నమ్మది అరసికెరె, కోట చూడటం అదే మొదలు. ఆమె కళ్ళు ఇంతలు చేసుకుని వింటుంటే ఈయన ఇంకా రెచ్చిపోయాడు. అవ్వ మాత్రం రెండో వాకిలి నీడలో కూలబడి, మమ్మల్ని చూసి రమ్మంది.

కూలిపోయిన ఒక మంటపం వెనక నేలలో గుండ్రటి రాతిమూత చూపించాడు చిన్నాయన. రాజులు గింజలు దాచుకున్న పాతరట.

పాతరంటే తెలియనివాళ్ళకి చెప్తాను... నేలలో పెద్ద బాన ఆకారంలో తవ్విన గొయ్యి. మూతి ఇరుకు, లోపల వెడల్పు. మా ఇళ్ళల్లో జొన్నలు అందులోనే పోసి మూసేవాళ్ళు. మూత తీసిన వెంటనే ఎవరూ దిగరు. ముందు వెలిగించిన దీపం దించుతారు. ఆరిపోయిందంటే లోపల గాలి చెడినట్టే, దిగినవాడు మళ్ళీ పైకి రాడు.

చిన్నాయన ఒక కర్ర దూర్చి మూత పెళ్ళగించాడు. లోపలికి దిగి చూసొస్తానన్నాడు. చిన్నమ్మకి భయం వేసింది. బుట్టలో దీపం ఉంది కదా, ముందు దించి చూడమంది.

"గింజలుంటే కదా ఆవిరి కమ్మేది. ఇది రాజులు పోయినప్పట్నుంచి ఖాళీగా ఉండాది. ఖాళీ పాతరకి దీపమెందుకు?" అన్నాడు.

మా వైపు చాలామంది అలాగే అనుకునేవాళ్ళు, గాలిని చెడగొట్టేది గింజేనని. సందుల్లోంచి పడి ఏళ్ళ తరబడి కుళ్ళిన ఆకు కూడా అదే పని చేస్తుందని ఎవరికి తెలుసు?

అంచు పట్టుకుని లోపలికి జారాడు. కాసేపు మాట్లాడాడు... గోడలు నున్నగా ఉన్నాయన్నాడు, కింద ఆకు మెత్తగా ఉందన్నాడు. తర్వాత మాట ముద్దముద్దగా వచ్చింది. ఆ తర్వాత ధభీమని చప్పుడు. ఇక మాటల్లేవు... గురక ఒక్కటే.

చిన్నమ్మ అప్పటికే ఒక కాలు లోపల పెట్టేసింది. నేను పెట్టిన కేకకి అవ్వ ఆ మోకాళ్ళతో ఎలా పరుగెత్తుకొచ్చిందో దేవుడికే తెలియాలి. వచ్చీ రాగానే కోడల్ని జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"ఎవురూ దిగొద్దు" అంది.

దగ్గర్లో గొర్రెలు మేపుతున్న ఒకాయన పరుగున వచ్చి, పంచె ఎగ్గట్టి దిగబోయాడు. ఆయనకీ అడ్డం నిలబడింది. ప్రమిద వెలిగించి బుట్టలో పెట్టి, బుట్టని చేంతాడుకి కట్టి మెల్లగా వదిలింది. సగం దూరం పోకుండానే దీపం ఆరిపోయింది.

ఆయన భుజం మీది కంబళి అడిగి తీసుకుంది. దాన్ని చేంతాడుకి కట్టి, లోపలి గాలి కదిలేలా పైకీ కిందికీ ఆడించసాగారు ఇద్దరూ. మళ్ళీ దీపం దించింది. మళ్ళీ ఆరింది. మళ్ళీ కంబళి... కింద గురక సన్నబడిపోతోంది.

చిన్నమ్మ నేల మీద పడి తల బాదుకుంటోంది. "నువ్వు కన్నతల్లివేనా అత్తా?" అంది.

అవ్వ కంబళి లాగుతూనే ఉంది. నిజం చెప్తున్నా, ఆ నిమిషంలో నాకు అవ్వని చూస్తే ఒళ్ళు మండిపోయింది.

ఇంకోసారి దించిన దీపం అడుగుదాకా పోయింది. రెపరెపలాడింది... నిలబడింది. అప్పుడు గానీ గొర్రెలాయన్ని దిగనివ్వలేదు, అదీ చేంతాడు నడుముకి కట్టాకే. ఆయన కింద ఆ తాడు విప్పి చిన్నాయన చంకల కింద బిగించి, కిందనుంచి ఎత్తిపట్టాడు. మేం ముగ్గురం పైనుంచి లాగాం. దోవలో దొణలో తోడుకున్న చెంబు నీళ్ళు మొహాన కొడితే చిన్నాయన దగ్గాడు, కక్కుకున్నాడు, కళ్ళు తెరిచాడు. వెంటనే గొర్రెలాయన్నీ పైకి లాగాం.

అప్పుడు కూలబడింది అవ్వ. చిన్నమ్మ ఇంకా ఆమెని కోపంగానే చూస్తోంది. ఎవరూ అడక్కుండానే చెప్పింది అవ్వ.

"మా అన్న పాతరలో పడితే మా తమ్ముడు దిగినాడు. తమ్ముడి కోసం మా నాయన దిగినాడు. ఒగే పూట... ముగ్గురూ పోయినారు. నేను పైన నిలబడుకొని చూసినాను."

చిన్నాయనకి కూడా ఆ సంగతి తెలియదట. చిన్నమ్మ ఏడుస్తూ వెళ్ళి అవ్వ ఒళ్ళో తల పెట్టుకుంది. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు మా ఇళ్ళల్లో పాతరలు లేవు. చేలన్నీ శెనక్కాయకే పోయాక జొన్నలెవరు దాస్తారు, అన్నీ పూడ్చేశారు. కోటకి బైకులేసుకొచ్చే పిల్లలు కనపడిన ప్రతి గుంతలో తలదూర్చి ఫోటోలు తీసుకుంటున్నారు. మొన్నొకణ్ణి కేకలేస్తే, ఏం కాదులే ఆంటీ అని నవ్వి పోయాడు. నా కేకకి అంత విలువ!

కింద కన్నకొడుకు గురక సన్నబడుతుంటే, పైన కోడలు శాపనార్థాలు పెడుతుంటే, చెయ్యి వణక్కుండా దీపం దించిన మనిషి మళ్ళీ నాకు ఎక్కడా కనపడలేదు... మీ ఇళ్ళల్లో ఉండేవాళ్ళా అలాంటివాళ్ళు? ఉంటే వాళ్ళ గురించి రాయండి... చదవాలని ఉంది.