మార్కర్ పెరిగిన నెల

ఆ రోజు పొద్దున దోసె పిండి బకెట్ ఎత్తబోయి సగంలోనే కింద పెట్టేశాను. నడుములో మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. శ్రీరాంపూర్‌లో మా చిన్న టిఫిన్ సెంటర్ నడిపేది నేనూ, మా ఆడబిడ్డ లక్ష్మీ. పని ఎక్కువైందిలే అన్నాను. లక్ష్మి ఒప్పుకోలేదు.

"రొమ్ము ఆపరేషన్ అయిన మనిషివి వదినా. నడుం నొప్పని ఊకె కూసుంటే ఎట్ల? డాక్టర్‌కు చెప్పాలె."

కొన్నేళ్ల క్రితం నాకు ఎడమ రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి. దాని పీడ విరగడైందనే అనుకున్నాను.

కరీంనగర్‌లో డాక్టర్ మేడం రక్తపరీక్ష రాశారు. రక్తంలో క్యాన్సర్ జాడ చూపే సీఏ 15-3 అనే ట్యూమర్ మార్కర్ ఎక్కువగా వచ్చింది. "మార్కర్ ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం. స్కాన్ చేద్దాం" అన్నారు. పెట్ స్కాన్‌లో వెన్నెముకలో, లివర్‌లో మచ్చలు కనిపించాయి. బయాప్సీలో తేలింది, రొమ్ము క్యాన్సరే అక్కడిదాకా పాకిందని.

"మల్ల పూర్తిగ తక్కువైతదా మేడం?" అని మా ఆయన సమ్మయ్య అడిగాడు. బొగ్గుగనిలో పనిచేసే మనిషి, గొంతు ఎప్పుడూ గట్టిగా ఉంటుంది. ఆ రోజు సరిగా వినపడలేదు.

"పూర్తిగా పోతుందని చెప్పలేను. అదుపులో పెట్టడానికి మందులున్నాయి."

హార్మోన్ మాత్రలు, వాటితోపాటు మరో రకం మాత్రలు, ఎముకలకు ఇంజెక్షన్ మొదలయ్యాయి. నీరసం, నోరంతా చేదు. నెల తర్వాత మార్కర్ రిపోర్ట్ ఫోన్‌కు వచ్చింది. మొదటిసారి కంటే ఇంకా పెరిగింది. నేను పొయ్యి ఆర్పేసి గల్లా దగ్గర కూలబడ్డాను. టిఫిన్‌కు వచ్చినవాళ్లకు లక్ష్మే సర్దిచెప్పి పంపింది.

"గీ మందు పనిచేస్తలేదు. ఊకె ఒళ్లు ఖరాబ్ చేసుకునుడెందుకు? బంద్ చేద్దాం. ఆదిలాబాద్ దిక్కు చెట్ల మందు ఇస్తరట" అన్నాడు సమ్మయ్య. నాకూ అదే నయమనిపించింది.

"ఒక్కసారి మేడంను అడుగుదామన్నా. అడిగినంక మీ ఇష్టం" అని లక్ష్మి అడ్డం పడింది.

మేడం రిపోర్ట్ చూసి నన్ను అడిగారు. "నడుం నొప్పి ఎలా ఉంది?"

అంతవరకూ ఆ సంగతే నాకు తట్టలేదు. "జర తగ్గింది మేడం. పండుకున్నప్పుడు పక్కకు తిరుగుతున్న."

"మందు మొదలుపెట్టిన కొత్తలో కొందరికి మార్కర్ పెరిగి, తర్వాత దిగుతుంది. మీకూ అదే కావచ్చు, కాకపోనూవచ్చు. ఈ ఒక్క నంబర్ చూసి నేను మందు మార్చను, మీరూ ఆపొద్దు. కొన్ని వారాల్లో మళ్లీ స్కాన్ చేస్తాం, అప్పటిదాకా చూద్దాం."

ఆ ఎదురుచూపే అన్నిటికంటే కష్టమైంది. సమ్మయ్య డ్యూటీ నుంచి వచ్చి, మాత్రలు, మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టేవాడు. మధ్యలో తెల్లరక్తకణాలు తగ్గితే మేడమే కొన్నాళ్లు ఒక మాత్ర ఆపి, డోసు తగ్గించి మళ్లీ ఇచ్చారు.

స్కాన్‌లో లివర్ మచ్చలు చిన్నవయ్యాయి. తర్వాత మార్కర్ కూడా దిగింది. లక్ష్మి ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేసింది.

ఇప్పటికీ మందులు వాడుతూనే ఉన్నాను. బరువులు ఎత్తను, దోసెలు మాత్రం నేనే పోస్తాను. ప్రతి స్కాన్‌కు ముందు భయం వేస్తూనే ఉంటుంది.

నాలాంటి వాళ్లకు చెప్పేది ఒక్కటే. మార్కర్ పెరిగినా, తగ్గినా ఇంట్లో కూర్చుని మందుల సంగతి తేల్చేయకండి. రిపోర్ట్ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒంట్లో ఏ నొప్పి తగ్గిందో, ఏది కొత్తగా మొదలైందో నోరు విప్పి చెప్పండి. అది ఏ ల్యాబ్ రిపోర్ట్‌లోనూ ఉండదు, మనమే చెప్పాలి.