ఆరబెట్టిన బురద

నేను కోరుట్ల లతీఫ్‌ను. అబుదాబిలో ఒక కంపెనీకి బండి నడుపుతాను. నా గదిలోనే ఉండే మహేందర్ సారంగాపూర్ దగ్గరి రైతు. చేతిలో పెట్టిన పనిని అంత శ్రద్ధగా చేసేవాడిని నేనింకొకడిని చూడలేదు. ఆ శ్రద్ధే అతని కొంప ముంచింది.

ఊళ్ళో ఉన్నప్పుడు మహేందర్ వ్యవసాయాఫీసు వాళ్ళకు భూసార పరీక్షల్లో సాయం చేసేవాడు. చేనులో మట్టి తవ్వడం, పేపరు మీద పరిచి నీడలో ఆరబెట్టడం, గడ్డలు చిదిపి సంచిలో కట్టి పంపడం. తడి మట్టి పంపితే సార్లు వాపసు పంపేవారట. ఇక్కడా అతని పని మట్టి తీయడమే, కాకపోతే సముద్రపు ఒడ్డున మడ చెట్ల కింద. అమావాస్యకో పున్నమికో నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు బురదలోకి దిగి, గుర్తు పెట్టిన పన్నెండు చోట్ల గొట్టాలు గుచ్చి తీయాలి. చలికాలంలో ఒకసారి తీశాడు. అప్పుడు ల్యాబ్ వాళ్ళు ఒడ్డునే నిలబడి గొట్టాలు పట్టుకుపోయారు.

ఎండాకాలం తీసిన రోజు ల్యాబ్ బండి రాలేదు. రెండు రోజులు నీ దగ్గరే జాగ్రత్తగా పెట్టు అని సూపర్‌వైజర్ ఫోన్‌లో చెప్పాడు. ఎట్లా జాగ్రత్త చేయాలో మాత్రం ఒక్కడూ చెప్పలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది అక్కడే. మహేందర్ మూతలు విప్పి, పన్నెండు చోట్ల బురదను పన్నెండు పేపర్ల మీద పరిచి, దేని చీటీ దానికే పెట్టి, స్టోరు గది నీడలో ఆరబెట్టాడు.

ఆ వచ్చే గురువారానికి అతనికి ఊరికి టికెట్ ఉంది. భార్య తిరుమలకు నెలలు నిండుతున్నాయి. పెళ్ళయిన ఎనిమిదేళ్ళకు తొలి కాన్పు. ఆ వేళకు జగిత్యాల దవాఖానలో నీ పక్కనే ఉంటానని ఆమెకు మాటిచ్చాడు.

ల్యాబ్ నుంచి వచ్చిన నాహీద్ మేడం హైదరాబాదావిడ. ఆ పేపర్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కాటుకలా నల్లగా ఉన్న బురద తుప్పు రంగుకు తిరిగింది.

"ఎందుకు ఆరవెట్టినవ్ మహేందర్?"

"తడి మట్టి పనికిరాదు గద మేడం. మా దిక్కు గిట్లనే చేస్తం."

ఆవిడ తిట్టినా బాగుండేది. కూర్చుని విడమరచి చెప్పింది. పోటు నీళ్ళు కప్పేస్తే ఈ బురదకు గాలి అందదు. లోపలి గంధకం ఇనుముతో కలిసి నల్లబడుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన కొడుతుంది. ఆటుకు నీళ్ళు పోతే గాలి కొంత దిగి మళ్ళీ మారుతుంది. ఎండాకాలం ఉప్పు పెరుగుతుంది, కంపూ ముదురుతుంది. ఆ తేడాలు పట్టుకోవడానికే గొట్టాలకు మూతలు. ఆరబెడితే గంధకం ఆమ్లంగా మారుతుంది. ఇక దాన్ని పరీక్షించి లాభం లేదు.

"వరి పొలంల గూడ గంతే మేడం," అన్నాడు మహేందర్. "నీళ్ళు నిలిస్తే నల్లగైతది, కంపు గొడ్తది. ఆరగడితే వేర్లు తేరుకుంటయి. నాకు తెల్వంది గాదు. గప్పుడు మతికి రాలే."



ఎండాకాలం మట్టి లేకపోతే రిపోర్టే ఆగిపోతుందన్నాడు సూపర్‌వైజర్. ఆ చోట్లు తెలిసింది నీకే, అమావాస్యకు మళ్ళీ తీసిచ్చి పొమ్మన్నాడు. మహేందర్ పాస్‌పోర్టు ఆయన సొరుగులో ఉంది. ఇక మాట్లాడేదేముంది? అమావాస్యకు ఇంకా పదమూడు రోజులు. గురువారం వచ్చింది, పోయింది. మహేందర్ కంచం ముందు కూర్చుని, "సముద్రం నాకోసం ముందుగాల పోదు గదన్నా," అని తినకుండానే లేచేవాడు.

అమావాస్య పొద్దున నా బండిలోనే అతన్ని ఒడ్డుకు తీసుకెళ్ళాను. నీళ్ళు దూరంగా పోయాయి. మళ్ళీ వచ్చేలోపు రెండు గంటలే వ్యవధి. ఒక్క గొట్టం పాడైనా ఇంకో పదిహేను రోజులు ఇక్కడే. మహేందర్ తొడల దాకా దిగబడి, మొదటి గొట్టం దించి, గాలి చొరకుండా దాని పైభాగాన్ని రెండు చేతులా మూసి పట్టుకున్నాడు. ఒడ్డున నా చేతిలో అతని ఫోన్ మోగింది. అతని అత్త.

"మహేందర్! బిడ్డ పుట్టింది! ఇద్దరు మంచిగున్నరట!" అని కేకేశాను.

అతను నావైపు తిరిగాడు. కన్నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు.

"ఏడుస్తుందా అన్నా? జర వినిపియ్యి."

స్పీకరు పెట్టి ఫోన్ పైకెత్తాను. పాప గొంతు చించుకుంటోంది. ఆ గాలికి నాకే సరిగా వినిపించడం లేదు, అతనికేం వినిపిస్తుంది? చెప్పులు విడిచి దిగబోయాను.

"దిగకన్నా! నువ్వు తొక్కితే బురద కలుస్తది!"

గొట్టాన్ని మెల్లగా పైకి లాగి మూత బిగించాడు. రెండో చోటుకు కాలు పీక్కుంటూ అన్నాడు:

"ఇంక పదకొండున్నయి. గంతదాక బిడ్డను పండుకోవద్దని చెప్పన్నా."